పన్నెండు రోజుల బాలి

ఉబుద్, బాలి
ఫిబ్రవరి 8, 2023

సుందరి ఆంటీకి నమస్కారాలు.

"వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా ఏడవకు, కూర్చుని తెలుగులో ఒక ఉత్తరం రాసి మెయిల్లో పంపు" అని నిన్న మీరు కోప్పడ్డారు. కూర్చున్నాను. ఫోన్లో తెలుగు టైప్ చేయడం రెస్టారెంట్లో బస్తాడు ఉల్లిపాయలు కోయడం కంటే కష్టంగా ఉంది. తప్పులుంటే క్షమించండి.

జరిగింది ఇదీ. పన్నెండు రోజుల ట్రిప్పు అయిపోయి ఆరో తారీఖున ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి నా పాస్‌పోర్టు మూడుసార్లు తిరగేసి "కెనడా వీసా ఏది?" అంది. వర్క్ పర్మిట్ కాగితం చూపించాను. ఆగస్టు దాకా ఉంది చూడండి అన్నాను. ఆమె నవ్వుతూనే, "ఇది పర్మిట్. నేను అడిగేది వీసా" అంది. పాస్‌పోర్టులో అంటించిన స్టిక్కర్ చూస్తే దాని గడువు డిసెంబరులోనే అయిపోయింది. చదువుకోవడానికి వచ్చినప్పుడు వేసిన స్టిక్కర్ అది. పర్మిట్ ఉన్నది కెనడాలో ఉండి పనిచేసుకోవడానికట. బయటికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ లోపలికి రావాలంటే స్టిక్కర్ కూడా బతికి ఉండాలట. మీ బేస్‌మెంట్లో ఉన్నవాళ్ళం, ఉండి వెళ్ళినవాళ్ళం అందరం పర్మిట్ తేదీలు గోడ మీద క్యాలెండర్లో ఎర్రగా గీసి పెట్టుకున్నాం. ఆ స్టిక్కర్ వంక ఒక్కరం చూడలేదు.

విమానం నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. సూట్‌కేసు లాక్కుంటూ అదే హోమ్‌స్టేకి తిరిగి వచ్చాను. ఇంటావిడ ఇబు వయాన్ అదే గది తాళం చేతిలో పెట్టింది. కొత్త స్టిక్కర్‌కి ఇక్కడి నుంచే ఆన్‌లైన్లో అప్లై చేశాను. ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు.

జగిత్యాల వెళ్ళి మీ అమ్మ దగ్గర కూర్చుని ఎదురుచూడొచ్చు కదా అంటారు మీరు. అదే కుదరదు. నేను బాలి వచ్చినట్టు అమ్మకి తెలియదు. ఫిబ్రవరిలో మా మామయ్య కూతురి పెళ్ళి. రమ్మని అమ్మ నెల రోజులు బతిమాలింది. ఆ పెళ్ళిలో నన్నెవరికో చూపించాలని ప్లాన్. లీవు దొరకలేదని చెప్పేశాను. నిజానికి మా రెస్టారెంట్ ఓనర్ రామ్మోహన్ గారు లీవు ఇచ్చారు. "PR వచ్చిందా, సంబంధాలు చూడమంటావా" అని ఎవరూ అడగని చోట పన్నెండు రోజులు ఉండాలనిపించి ఇక్కడికి టికెట్ కొన్నాను. మీకు కూడా అమ్మ సంగతి చెప్పలేదు. తప్పే.

రెండు సాయాలు చేయాలి. అమ్మ ఫోన్ చేస్తే నేను డ్యూటీలో ఉన్నానని చెప్పండి. ఇంకోటి, రామ్మోహన్ గారిని కలిసి నా పని ఎవరికీ ఇవ్వొద్దని అడగండి. ఆయన సంతకం పెట్టిన జాబ్ లెటర్ ఉంటేనే శాశ్వత నివాసానికి, అదే ఆ PRకి, నేను పెట్టిన నామినేషన్ ఫైల్ కదులుతుంది. అది కదలకపోతే ఆగస్టులో పర్మిట్ అయిపోతుంది, నేను పెట్టె సర్దుకోవడమే. ఈ మూడేళ్ళూ గంగలో కలిసినట్టే.

కిటికీలోంచి చూస్తే వరి మడులు మెట్లుమెట్లుగా కొండ దిగుతున్నాయి. జనం డబ్బు పోసి చూడ్డానికి వచ్చేది దీన్నే. నాకు కర్టెన్ వేసేయాలనిపిస్తోంది.

మీ సాత్విక


రెజైనా, కెనడా
ఫిబ్రవరి 11

సాత్వికకి,

ఆశీస్సులు తర్వాత. ముందు తిట్లు.

ఇరవై తొమ్మిదేళ్ళు ఆసుపత్రి లాబ్‌లో పనిచేశాను. తేదీ చూడకుండా ఏనాడూ ఒక సీసా మూత తీయలేదు. నా ఇంట్లో రెండేళ్ళున్న పిల్లవి, పాస్‌పోర్టులో తేదీ చూసుకోకుండా సముద్రాలు దాటావు. పైగా తల్లికి అబద్ధం చెప్పి దాటావు. పైగా ఆ అబద్ధం నాకు అంటగట్టావు. నేను నీ ఇంటి ఓనర్నా, నీ నేరాల్లో భాగస్వామినా?

మీ అమ్మ శాంత నిన్ననే ఫోన్ చేసింది. "మా సాత్విక ఫోన్ ఎత్తుతలేదక్కా, మంచిగున్నదా?" అంది. డ్యూటీకి వెళ్ళిందమ్మా అన్నాను. చెప్పేటప్పుడు గొంతులో ఏదో అడ్డం పడింది. "జలుబు చేసిందా అక్కా?" అని నాకే మిరియాల కషాయం చెప్పింది. నాకెంత సిగ్గేసిందో నీకు తెలియదు.

రామ్మోహన్ దగ్గరికి వెళ్ళాను. బయట మైనస్ ముప్ఫై. కారు స్టార్ట్ కాలేదు, రెండు వీధులే కదా అని నడిచాను. కనురెప్పల మీద మంచు కట్టింది. ఆయన వంటింట్లో ఒక్కడే చెమటలు కక్కుతున్నాడు.

"మేడమ్, ఆ అమ్మాయి చెయ్యి మంచిది, కాదనను. కానీ మనిషి లేకుండా వంటిల్లు నడవదు. బ్రాంప్టన్ నుంచి ఒకడు రోజూ ఫోన్ చేస్తున్నాడు, రేపు రమ్మంటే రేపే వచ్చేస్తాడు" అన్నాడు.

మాట్లాడాను. చివరికి మన తెలుగు సంఘం ఉగాది భోజనాల దాకా ఆగుతానన్నాడు. పండగ మార్చి ఇరవై రెండు, బుధవారం. మనవాళ్ళ ఉగాది ఏనాడు పంచాంగం చెప్పిన రోజున వచ్చింది? హాలు దొరికిన శనివారం వస్తుంది. అంటే ఇరవై అయిదు. మూడు వందల మందికి వంట. ఆ రోజుకి నువ్వు వచ్చి పొయ్యి ముందు నిలబడితే పని నీది, సంతకం నీది. లేకపోతే బ్రాంప్టన్ వాడిది.

అంతవరకు ఎలా ఒప్పించానని అడక్కు. ఒప్పించాను, అంతే. ఆ కర్టెన్ తీసి బయటికి చూడు. కళ్ళ ముందున్నది చూడకుండా కూర్చుంటే స్టిక్కర్ తొందరగా రాదు.

బాలత్రిపురసుందరి


ఉబుద్
ఫిబ్రవరి 22

ఆంటీకి,

మీరు చెప్పారని బయటికి వెళ్ళాను. బయటికి వెళ్ళడమే కష్టం ఇక్కడ. "ఎక్కడికి వెళ్తున్నారు?" అనేది ఈ ఊళ్ళో పలకరింపు, మనం "తిన్నావా" అన్నట్టు. ఎక్కడికీ వెళ్ళలేని దాన్ని పట్టుకుని రోజుకి ఇరవై మంది అదే అడుగుతారు. నవ్వుతూ అడుగుతారు. నవ్వుతూ జవాబు చెప్పాలి. సాయంత్రానికి బుగ్గలు నొప్పెడతాయి.

తర్వాతి ప్రశ్న పెళ్ళయిందా అని. లేదు అన్నాను. ఇబు వయాన్ వెంటనే దిద్దింది. అలా అనకూడదట, "ఇంకా లేదు" అనాలట. తొంభై ఏళ్ళ బ్రహ్మచారి అయినా ఇంకా లేదనే అంటాడట. ఈ ప్రశ్నలు తప్పించుకుందామనే కదా నేను ఇంత దూరం వచ్చింది!

ఇక్కడ ఇబు వయాన్ తెల్లారకముందే లేచి ఆ రోజుకి కావలసినవన్నీ వండేసి బల్ల మీద మూతపెట్టి ఉంచుతుంది. ఎవరికి ఆకలేసినప్పుడు వాళ్ళు వచ్చి, పెట్టుకుని, ఒక మూల కూర్చుని చల్లగానే తిని వెళ్ళిపోతారు. అందరూ కలిసి కూర్చుని తినేది పండగలకే. మొదట్లో ఇదేం ఇల్లురా అనుకున్నాను. ఇప్పుడు నేనూ గోడవైపు తిరిగి తింటున్నాను. అన్నం పక్కన కొబ్బరి కోరు కలిపిన ఆకుకూర, సోయా గింజలు పులియబెట్టి అచ్చు కట్టిన టెంపే వేపుడు, ఒక చేప ముక్క. వీటన్నిటికీ ప్రాణం సంబల్. చిన్న ఉల్లిపాయలు, నిమ్మగడ్డి, మిరపకాయలు పచ్చివే సన్నగా తరిగి, కాచిన కొబ్బరినూనె పోసి చేత్తో పిసుకుతారు. ఇంత రొయ్యల ముద్ద కాల్చి కలుపుతారు. ఆ వాసనకి మొదటి రోజు పారిపోయాను. ఇప్పుడది లేకపోతే ముద్ద దిగడం లేదు. దానికి కూడా నాకు కోపమే. అలవాటు పడటానికి వచ్చానా నేను?

పవిత్రమైన నీళ్ళని చెప్పి ఒక ఊట గుడికి తీసుకెళ్ళారు. చీర కుచ్చిళ్ళలాగా నడుముకి గుడ్డ చుట్టుకుని కోనేట్లో దిగి, వరసగా ఉన్న ధారల కింద తల పెట్టాలి. స్టిక్కర్ రావాలని ఒక్కో ధార కిందా మొక్కాను. చివరికొచ్చాక తెలిసింది, మధ్యలో రెండు ధారలు చచ్చిపోయినవాళ్ళ కోసమట, బతికున్నవాళ్ళు వాటి కింద తల పెట్టరట. నేను వాటి కింద అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాను.

అసలు కష్టం వేరే. ఇక్కడ ఉండటానికి నాకిచ్చినవి ముప్ఫై రోజులు. ఇంకో ముప్ఫై పొడిగించమని అడిగితే పాస్‌పోర్టు తీసుకున్నారు. రేపో ఎల్లుండో ఇస్తారట. ఈలోగా కెనడావాళ్ళు పాస్‌పోర్టు పంపమంటే ఏం పంపను? నాకున్నది ఒకటే. అడిగేవాళ్ళు రెండు దేశాలవాళ్ళు. పొడిగింపు వచ్చినా మార్చి ఇరవై ఏడు వరకే. ఆ తర్వాత ఇక్కడా ఉండనివ్వరు, అక్కడికీ రానివ్వరు.

వాన. బట్టలు ఆరడం లేదు. మెయిల్ రోజుకి యాభై సార్లు చూస్తున్నాను.

మీ సాత్విక

మరిచాను. రామ్మోహన్ గారి దగ్గర ఆ మాట ఇంకా నిలబడే ఉందా?


రెజైనా
మార్చి 2

సాత్వికకి,

ఆలస్యంగా రాస్తున్నాను. ఈ మధ్య సాయంత్రమయ్యేసరికి కుర్చీలో కూలబడుతున్నాను. చలికి మోకాళ్ళు పట్టేశాయి.

నిలబడే ఉంది. మాటిమాటికీ అడక్కు.

నీకు మంచి తిండి దొరుకుతోంది, మంచి నీళ్ళలో మునిగావు, పచ్చటి మడులు చూస్తున్నావు. ఇక్కడ నేను నెల రోజులుగా మట్టి రంగు చూడలేదు. బుగ్గలు నొప్పెడుతున్నాయని నాకు రాస్తావా? వాకిట్లో మంచు ఎత్తిపోయడానికి కూడా నువ్వు లేవు. ఈ ఉత్తరం చదివి నువ్వు ఏడుస్తావని తెలుసు, అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇవాళ నాకు ఒళ్ళంతా మండుతోంది.

కొన్ని ప్రశ్నలు. ఊరికే అడుగుతున్నాను. పెద్ద ఎత్తున అల్లం వెల్లుల్లి నూరినప్పుడు రెండో రోజుకి పచ్చబడకుండా నువ్వేం చేస్తావు? ఉల్లిపాయలకి కళ్ళు మండకుండా ఏదైనా కిటుకు ఉందా? ఆ పెద్ద గ్రైండర్ మూత ఎడమవైపు తిప్పాలా, కుడివైపా? ఇంట్లో ఏవో పనులు పెట్టుకున్నాను, అందుకని.

నువ్వు రాసిన సంబల్ చేసి చూశాను, రొయ్యల ముద్ద లేకుండా. తిన్నవాళ్ళు బాగుందన్నారు.

మీ అమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తోంది. "ఎప్పుడు చేసినా డ్యూటీ అంటరేందక్కా, ఆ హోటలోడు మనిషేనా?" అంటోంది. పాపం రామ్మోహన్ జగిత్యాలలో రాక్షసుడైపోయాడు. మూడు ఆదివారాలుగా ఒకే అబద్ధం చెప్తున్నాను. రెండో అబద్ధం నాకు తట్టదు.

సుందరి


ఉబుద్
మార్చి 12

ఆంటీకి,

స్టిక్కర్ మంజూరైంది. పాస్‌పోర్టు పంపమన్నారు. నిన్న జకార్తాకి కొరియర్ చేశాను. వారం, పది రోజుల్లో తిరిగొస్తుందట. ఈ వార్త మీకు గెంతుతూ రాయాల్సింది. గెంతడం లేదు.

నిన్న ఆనందం పట్టలేక రెస్టారెంట్‌కి ఫోన్ చేశాను. రామ్మోహన్ గారు లేరు. ఎత్తినామె ఎవరో కొత్త. వంటింట్లో ఎవరున్నారని అడిగాను. "కొత్తావిడ ఉన్నారండీ, నెలైంది. చాలా స్ట్రిక్టు. ఇప్పుడు పిలిస్తే తిడతారు" అంది.

నెలైందట ఆంటీ! నెల రోజులుగా నా పొయ్యి ముందు ఇంకొకరు నిలబడుతుంటే మీరు "నిలబడే ఉంది, మాటిమాటికీ అడక్కు" అని రాశారు. మీకు తెలియకుండా ఉండదు. రెండు వీధులే కదా. నేను మా అమ్మకి అబద్ధం చెప్పానని అంత తిట్టారే, మరి మీరు నాకు చెప్పినదేమిటి? పని పోయిందంటే పోయిందని చెప్పాల్సింది. ఏడ్చి ఊరుకునేదాన్ని. రోజూ దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ తిరిగేదాన్ని కాదు.

ఆ కోపంలోనే నిన్న సముద్రం ఒడ్డున కొండ మీద గుడికి వెళ్ళాను. అక్కడ సాయంత్రం రామాయణం ఆడతారు. మేళం లేదు, తాళం లేదు. వంద మంది మగవాళ్ళు చుట్టూ కూర్చుని "చక్ చక్ చక్" అని గొంతుతోనే దడదడలాడిస్తారు. మధ్యలో సీత ఒక్కతే కూర్చుని ఉంటుంది. ఎవరైనా వచ్చి తీసుకెళ్తే తప్ప కదలలేదు. అందరూ ఫోన్లలో వీడియో తీస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది.

వచ్చే దారిలో ఒక కోతి నా కళ్ళజోడు లాక్కుని గోడెక్కింది. గుడి మనిషి ఒక అరటిపండు చూపించాడు. కోతి పండు తీసుకుని కళ్ళజోడు ఇచ్చేసింది. అయిదు నిమిషాల్లో పనైంది. ఇంత న్యాయంగా నాతో ఈ నెలన్నరలో ఎవరూ వ్యవహరించలేదు.

నిజం రాయండి. ఎవరామె?

సాత్విక


రెజైనా
మార్చి 14

సాత్వికా,

ఆ స్ట్రిక్టు ఆవిడ నేను.

అలా నోరు తెరవకు. ఆ రోజు రామ్మోహన్ దగ్గరికి వెళ్ళానని రాశాను కదా, సగమే రాశాను. ఆయన "మనిషి లేకుండా ఎలా ఆగను మేడమ్?" అన్నాడు. ఎదురుగా బల్ల మీద ఉల్లిపాయల గుట్ట ఉంది. కోటు విప్పి కొక్కేనికి తగిలించాను. "ఆ పిల్ల వచ్చేదాకా నేను కోస్తాను" అన్నాను. నవ్వాడు. చాకు తీసుకున్నాను. రెండు గంటల తర్వాత నవ్వడం మానేశాడు.

నీకు ఎందుకు చెప్పలేదంటే, చెబితే వద్దంటావు. వద్దంటే నాకు పౌరుషం వచ్చి ఇంకో నాలుగు గంటలు ఎక్కువ చేస్తాను. నా వయసు అరవై ఏడు.

నీ వంటిల్లు గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆ చోట పనిచేస్తూ నువ్వు ఇంటికొచ్చి నాతో నవ్వుతూ ఎలా మాట్లాడేదానివో నాకు అర్థం కావడం లేదు. కాళ్ళు రాళ్ళవుతాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోతకి చెవులు దిబ్బళ్ళు పడతాయి. ఆర్డర్లు చెప్పేవాడు ఒకే కూరని మూడు పేర్లతో పిలుస్తాడు. మొదటి వారం మూడుసార్లు ఏడ్చాను, ఫ్రీజర్ గదిలోకి వెళ్ళి. మా ఆయన పోయిన ఈ మూడేళ్ళలో ఒక్కదాన్నే గుప్పెడు బియ్యం కడుక్కోవడం అలవాటైంది. ఒకప్పటిలా యాభై మందికి కడగడం చేతులు మరిచిపోయాయి. మెల్లగా గుర్తు తెచ్చుకున్నాయి.

రామ్మోహన్ చెడ్డవాడేమీ కాదు. కానీ భయస్థుడు. కాగితం మీద సంతకం అంటే వెనకడుగు వేస్తాడు. నువ్వు ఇరవై అయిదో తారీఖుకి ఇక్కడ ఉండాలి. నేను పని చేయగలను, నీ పేరుతో ఫైల్లో ఉండలేను.

ఇంకో సంగతి. మొన్న ఆదివారం శాంత ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. ఇక ఎత్తను. నీ పని నేను చేయగలను గానీ నీ అబద్ధం మోయలేను. నువ్వే చెప్పుకో.

సుందరి


ఉబుద్
మార్చి 21, మధ్యాహ్నం

ఆంటీకి,

మీ ఉత్తరం చదివి వారం రోజులు జవాబు రాయలేకపోయాను. సిగ్గుతో ఏం రాయాలో తెలియలేదు. ఎవరడిగారు మిమ్మల్ని? మోకాళ్ళ నొప్పులతో ఆ పొయ్యి దగ్గర పది గంటలు నిలబడమని ఎవరడిగారు? మీ మీద చాలా కోపంగా ఉంది. ఇంత కోపం మా అమ్మ మీద తప్ప ఎవరి మీదా రాలేదు నాకు.

పాస్‌పోర్టు ఇప్పుడే వచ్చింది. కొత్త స్టిక్కర్ ఉంది. తేదీ నాలుగుసార్లు చూశాను. ఒక్క పరుగున విమానాశ్రయానికి వెళ్ళిపోదామని పెట్టె మూసేశాను. ఇబు వయాన్ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

రేపు వీళ్ళ కొత్త సంవత్సరం. మన ఉగాది రోజే, మన శాలివాహన శకమే. మనం తలంటు పోసుకుని బూరెల మూకుడు ఎక్కిస్తాం. వీళ్ళు దీవి మొత్తం పొయ్యి ఆర్పేస్తారు. దీపం వెలగదు, బండి తిరగదు, ఎవరూ గడప దాటరు. దాటితే వీధి కాపలావాళ్ళు వెనక్కి పంపుతారు. ఫోన్లలో ఇంటర్నెట్ కూడా ఉండదు. ఎయిర్‌పోర్టు కూడా మూత. పొద్దున్న ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా ఒక్క విమానం ఎగరదు.

ఇబు వయాన్ నాకు నెల రోజులుగా చెప్తూనే ఉంది. అప్పటికి నేనుండను కదా అని తల ఊపి వదిలేశాను. వీధి చివర కుర్రాళ్ళు వెదురుతో, కాగితాలతో ఇంత పెద్ద రాక్షసుణ్ణి కడుతుంటే ఫొటోలు కూడా తీశాను. అది ఈ పండగ కోసమేనని అడగలేదు. ఇవాళ సాయంత్రం దాన్ని ఊరేగించి కాల్చేస్తారట.

ఇవాళ్టి విమానాల్లో చోటు లేదు. రేపు లేవు. ఎల్లుండి, ఆ మర్నాడు, ఆ పైరోజు, ఆగిపోయిన జనమంతా ఎక్కేస్తున్నారు. నాకు దొరికింది ఇరవై ఆరు, ఆదివారం. తైపీ, వాంకూవర్ మీదుగా. నా గడువుకి ఒక రోజు ముందు. భోజనాలకి ఒక రోజు తర్వాత.

ఒక్క రోజు ఆంటీ. ఏ నెల ఆలస్యమో అయితే ఇంత బాధ ఉండకపోను.

అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. చివరిదాకా వింది. తర్వాత, "పెండ్లికి రమ్మంటే లీవు లేదంటివి. సముద్రం చూడ పోనీకె దొరికిందా లీవు?" అంది. సారీ అమ్మా అన్నాను. "నాకెందుకు సారీ? నీ కోసం అబద్ధాలాడిన ఆ పెద్దామెకు చెప్పు" అని పెట్టేసింది. మళ్ళీ చేశాను, ఎత్తలేదు.

మీరు శనివారం వెళ్ళకండి. ఎటూ పోయింది. ఇక మీ మోకాళ్ళు అరగదీసుకోకండి. బ్రాంప్టన్ అతన్ని రమ్మనమనండి. ఇంటర్నెట్ ఆపేసేలోగా ఇది పంపేస్తున్నాను.

సారీ ఆంటీ.

సాత్విక


రెజైనా
మార్చి 25, శనివారం సాయంత్రం

సాత్వికా,

నువ్వు వద్దన్నావు. నేను వెళ్ళాను.

హాలు వంటింట్లో పొద్దున్న ఏడింటికే పొయ్యి వెలిగించాం. పులిహోర, పప్పు, వంకాయ కూర పదకొండున్నరకి సిద్ధం. మిగిలినవి బూరెలు. అవి వేడివేడిగా వేయాలి, అవి నేనే వేయాలి. రామ్మోహన్ ఒకసారి చెయ్యి పెట్టాడు, పూర్ణం విచ్చుకుని నూనె అంతా నల్లబడింది. అయినా పక్కన నిలబడి ఒకటే సణుగుడు. పన్నెండయింది, అవతల పంచాంగ శ్రవణం చివరికొచ్చింది. నేను మొదటి వాయి వేశాను, తీశాను. అప్పుడు అన్నాడు, "మేడమ్, సాత్విక రాలేదు కదా. సోమవారం నుంచి ఆ బ్రాంప్టన్ కుర్రాణ్ణి రమ్మన్నాను. ఏమనుకోకండి" అని.

నేను పొయ్యి కట్టేశాను.

"అదేమిటండీ?" అన్నాడు.

"విమానాశ్రయం మూసేశారు. దీవి మొత్తం మూసేశారు. ఆ పిల్ల చేతిలో టికెట్ ఉంది. ఆదివారం బయల్దేరుతోంది. ఒక్క రోజు తేడాకి ఎవరినో రమ్మంటావా? ఆరు వారాలు ఈ చేతులు నీకు పని చేశాయి కదయ్యా!"

"మీరు చేశారు. ఆ అమ్మాయి చేయలేదు కదా. రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పను?"

"సెలవులో ఉందని చెప్పు. నువ్వే ఇచ్చిన సెలవు. పొడిగించానని రాసివ్వు. దాని కిందే జాబ్ లెటర్."

చేతి సంచీలోంచి రెండు కాగితాలూ తీసి పిండి లేని చోట పెట్టాను. బేస్‌మెంట్లో ఉండే మన స్వీటీ చేత ముందే ప్రింటు తీయించాను. నిన్ననే నాకు తెలుసు, ఇవాళ ఇవి అవసరమవుతాయని.

అవతల చప్పట్లు మొదలయ్యాయి. మూడు వందల మంది లేచి ప్లేట్లు పట్టుకుంటున్నారు. సంఘం ప్రెసిడెంటు తలుపు తోసి "బూరెలు ఏవండీ?" అన్నాడు. రామ్మోహన్ చొక్కా తడిసిపోయింది.

"మేడమ్, ఇది బ్లాక్‌మెయిల్."

"అవును."

"పండగపూట ఇదేం పని అండీ?"

"పండగ బుధవారమే అయిపోయింది."

చదివాడు. మొదటిది చదివాడు, రెండోది రెండుసార్లు చదివాడు. సంతకం పెట్టాడు. తేదీ వేయలేదు. తేదీ కూడా వేయించాను. అప్పుడు పొయ్యి వెలిగించాను. తొందరలో నూనె చింది మణికట్టు కాలింది. చిన్న బొబ్బే, నువ్వొచ్చి దాన్ని చూసి ఏడవకు. ఆ కాగితాల స్కాన్ దీనితో పంపుతున్నాను. ఒక మూల నూనె మరక ఉంది, ఏం ఫర్వాలేదట, స్వీటీ కనుక్కుంది.

బూరెలు అయిపోయాయి. అందరూ వెళ్ళాక రామ్మోహన్ గిన్నెలు సర్దుతూ, "మొత్తానికి మీకు విముక్తి మేడమ్, అమ్మాయి వచ్చేస్తోందిగా. ఇక హాయిగా ఇంట్లో కూర్చోండి" అన్నాడు. అవునయ్యా అన్నాను. అప్రాన్ మడిచి ఇచ్చేసి వచ్చాను.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాను. కాసేపు బాగానే ఉంది. గుప్పెడు బియ్యం కడగడానికి లేచాను. గిన్నె చేతిలో పట్టుకుని సింకు ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత బియ్యం డబ్బాలో తిరిగి పోసేసి, అప్రాన్ ఎందుకిచ్చేశానా అని నన్ను నేను తిట్టుకున్నాను. రామ్మోహన్‌ని కూడా తిట్టాను. నిన్ను ఇంకా ఎక్కువ తిట్టాను.

నీ చోటు ఎవరూ తీసుకోకుండా పట్టుకుని నిలబడ్డాను సాత్వికా. తీరా నువ్వు వస్తున్నావంటే వదలబుద్ధి కావడం లేదు. ఇప్పుడే ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. పొద్దున షిఫ్టు నీది. సాయంత్రం షిఫ్టు నాది. ఇందులో వాదన లేదు.

సుందరి